అర డిగ్రీ తేడా

నవంబర్ 3, సోమవారం

ఆరు నెలల సెలవు తర్వాత టీచరమ్మ ఈ రోజు మళ్ళీ బడికి వెళ్ళింది. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడను ఎగతాళికి అలా పిలిచాను. ఇరవై తొమ్మిదేళ్ళయింది, ఇంకా అదే పిలుపు. అసలు పేరు బ్యాంకువాళ్ళకు తెలుసు, నాకు అవసరం పడలేదు.

ఆసుపత్రి నుంచి ఒక కార్డు ఇచ్చారు. పొద్దున, సాయంత్రం జ్వరం ఎంతుందో అందులో రాయాలి. అంకెలకు తప్ప దేనికీ చోటు లేదు. మిగతాది రాసుకోవడానికి నా షాపులో మిగిలిపోయిన ఈ పుస్తకం తీశాను. ఎవరూ చదవరు కాబట్టి అక్షరాలు ఎలా ఉన్నా ఫరవాలేదు.

కార్డు ఇచ్చింది ఇంజెక్షన్ల వార్డు నర్సు. నా కూతురి వయసుంటుంది, నాకు కూతురుంటే. ఆమెకు నేను పెట్టుకున్న పేరు ఇన్‌స్పెక్టర్. ముప్ఫై ఐదేళ్ళు తూకాలు, త్రాసులు, థర్మామీటర్లు సరిచేసి బతికినవాణ్ణి. తూనికల ఇన్‌స్పెక్టర్ షాపులోకి వచ్చినప్పుడు ఎలా ఉండేదో ఈ అమ్మాయి వార్డులోకి వచ్చినప్పుడూ అలాగే ఉంటుంది. ఏ తప్పూ చేయకపోయినా చేతులు వెనక్కి దాచుకుంటాను.

"బాబాయిగారూ, వంద పాయింట్ నాలుగు వచ్చిందంటే నాకు ఫోన్ చేయాలి. మధ్యాహ్నమైనా సరే, తెల్లవారుజామున అయినా సరే. మాత్ర వేసుకుని చూద్దాంలే అనుకోకూడదు. మాత్ర వేస్తే జ్వరం దాక్కుంటుంది, పోదు."

సరేనన్నాను. సరే అనకపోతే వదలదు.

టీచరమ్మ కూడా ఒక షరతు పెట్టి వెళ్ళింది. "మీకు ఒక్కసారి జ్వరం వచ్చిందా, ఆ రోజే రాజీనామా ఇచ్చేస్తాను. బతిమాలినా వినను." ముక్కులు కారే నలభైమంది చిన్నపిల్లల మధ్య పని ఆమెది. ఇంటికి రాగానే స్నానం, బట్టలు మార్చడం, మాస్కు. ముందు గది ఆమెది, వెనక గది నాది. మధ్యలో తలుపు. ఈ ఏర్పాటు డాక్టరుగారు ఒప్పుకున్నాకే ఆమె బడికి కదిలింది.

పొద్దున 98.2. సాయంత్రం 98.4.

నవంబర్ 4, మంగళవారం

98.2. 98.2. ఎవరితోనూ మాట్లాడలేదు. గోడ గడియారం రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోంది.

నవంబర్ 9, ఆదివారం

ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం, ఫోన్లో మాట్లాడుకున్నాం. తలుపు మూసి అరిస్తే నాకు ఆయాసం, ఆమెకు గొంతు నొప్పి. ఆమె మాట ఒకసారి తలుపు సందులోంచి, ఒకసారి ఫోన్లోంచి వినిపిస్తుంది. ఏదో ఒకటి ఆపమన్నాను.

"ఏది ఆపను? నోరా, ఫోనా?"

"నోరు."

"ఇన్నేళ్ళలో కుదరనిది ఇప్పుడెలా కుదురుతుందండీ?" అని నవ్వింది. ఆ నవ్వు కూడా రెండుసార్లు వినిపించింది.

ఆమె బడి కబుర్లు చెబుతుంటే గొంతులో ప్రాణం తిరిగొచ్చినట్టుంది. సెలవులో ఉన్న ఆరు నెలలూ నా మంచం పక్కన కుర్చీ వేసుకుని, నేను ఊపిరి తీస్తున్నానో లేదో చూస్తూ కూర్చునేది. నాకేమో జబ్బు తగ్గుతోంది, ఆమె తరిగిపోతోంది. బడికి వెళ్ళమని పోరు పెట్టింది నేనే. ఎవరేమన్నా ఆ విషయంలో నాకు అనుమానం లేదు. ఆమె ఆ బడి మానేయకూడదు.

నవంబర్ 14, శుక్రవారం

ఆసుపత్రి. ఎముక మజ్జ పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సర్ ఎక్కడా కనబడటం లేదట. డాక్టరుగారు ఆ మాట అన్నాక నా మొహం చూస్తూ కాసేపు ఆగారు, నేను ఎగిరి గంతేస్తానని కాబోలు. నేను అడిగింది ఒక్కటే, మరి మాస్కు ఎప్పుడు తీయొచ్చు అని.

ఆయన ఓపిగ్గా మళ్ళీ చెప్పారు. ఈ ఇంజెక్షన్‌లో ఉన్నది రెండు చేతుల యాంటీబాడీ. ఒక చేత్తో క్యాన్సర్ కణాన్ని పట్టుకుంటుంది, రెండో చేత్తో మన ఒంట్లోని సైనికుణ్ణి లాక్కొచ్చి దాని ముందు నిలబెడుతుంది. బాగా పనిచేసింది. అయితే క్యాన్సర్ పట్టిన కణాలూ, రోగాలను ఆపే యాంటీబాడీలు తయారుచేసే మంచి కణాలూ ఒకే జాతివి. వాటినీ తుడిచేసింది. అంటే దొంగల్ని తరమడానికి పిలిచినవాళ్ళు కాపలావాళ్ళను కూడా తరిమేశారు. ఇప్పుడు ఇల్లు శుభ్రంగా ఉంది, తలుపులే లేవు.

"మందు పనిచేయక పోయేవాళ్ళ కంటే మందు పనిచేశాక ఇన్‌ఫెక్షన్‌తో ఇబ్బంది పడేవాళ్ళ గురించే నాకు ఎక్కువ బెంగ" అన్నారు. నన్ను ఉద్దేశించి కాదట, మామూలుగా చెప్పారట.

తర్వాత మూడు గంటలు సీసా ఎక్కించారు. వేలమంది ఇచ్చిన రక్తంలోంచి తీసిన యాంటీబాడీలు. నెలకోసారి. ముక్కూమొహం తెలియని వేలమంది నా ఒంట్లో కాపలా కాస్తున్నారు. ఇంటికొచ్చి చూస్తే గదిలో నేనొక్కణ్ణే.

"ఏమన్నారు?" అని తలుపు అవతల నుంచి టీచరమ్మ.

"అంతా బాగుందన్నారు."

స్టూలు జరిపి కూర్చున్న చప్పుడు. ఏడుస్తోందని తెలుసు. లేచి తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

నవంబర్ 19, బుధవారం

పిలిచాను.

సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చి, స్నానం చేసి, టీ కప్పు తలుపు దగ్గర స్టూలు మీద పెట్టి వెళ్ళబోతుంటే పిలిచాను. "టీచరమ్మా, పది నిమిషాలు కూర్చో" అన్నాను. నా మాస్కు తీసేశాను. ఆమెనూ తీయమన్నాను. పదహారు రోజులుగా కళ్ళు తప్ప మొహం చూడలేదు. ఆమె తలుపు దగ్గరే కాసేపు తటపటాయించింది. అంత క్రమశిక్షణ గల మనిషి, ఎందుకో వాదించలేదు. మాస్కు తీసి స్టూలు మీద పెట్టి వచ్చి మంచం మీద కూర్చుంది.

గోళ్ళలో ఆకుపచ్చ రంగు ఇరుక్కుని ఉంది. పిల్లలతో చెట్టు బొమ్మ వేయించిందట. ఒకడు చెట్టుకు కళ్ళద్దాలు పెట్టాడట. నా చెయ్యి ఆమె చేతుల్లో పెట్టుకుని ఆ కథంతా చెప్పింది. నేను సగమే విన్నాను. ఆమె పై పెదవి మీద సన్నని గీత ఒకటి కొత్తగా వచ్చింది, అది చూస్తూ కూర్చున్నాను.

పది నిమిషాలు అన్నది ముప్పావుగంట అయింది.

98.4. ఏమీ కాలేదు.

నవంబర్ 20, గురువారం

98.2. 98.4. ఏమీ కాలేదు.

నవంబర్ 21, శుక్రవారం

98.4. 98.8. ఏమీ కాలేదు. అనవసరంగా భయపెడతారు.

నవంబర్ 23, ఆదివారం

పొద్దున 99.4. సాయంత్రం 100.2. దుప్పటి కప్పుకుని చూశాను కాబట్టి అంత వచ్చింది. ఒళ్ళు నొప్పులు, అవి ఎప్పుడూ ఉండేవే. కొద్దిగా దగ్గు. ఆమె ముందు గదిలో ఉందని దిండులో మొహం పెట్టి దగ్గాను.

కార్డులో 98.8 అని రాశాను. ముప్ఫై ఐదేళ్ళలో ఒక్క అంకె తప్పు రాయలేదు నేను. పావు గ్రాము తేడా ఉందని నగలషాపు త్రాసు సరిగ్గా ఉందని రాసివ్వనన్నవాణ్ణి. ఈ ఒక్కసారికి.

నవంబర్ 24, సోమవారం

పొద్దున 100.7.

ముందు కంగారు పడ్డాను, తర్వాత బుద్ధి పనిచేసింది. ఈ ప్లాస్టిక్ థర్మామీటరు ఎవరు సరిచూశారు? మందుల షాపులో కొన్నది. దాని మాట నమ్మి నేనెందుకు పరుగెత్తాలి? అటక మీద నా పెట్టె ఉంది. స్టూలెక్కి దింపాను. రెండుసార్లు కూర్చుని ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. పెట్టెలో పాత పాదరసం థర్మామీటరు, మా షాపులో అన్నిటికీ అదే ప్రమాణం. గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పోసి, ముందు ప్లాస్టిక్‌దాన్ని పెట్టాను, కీచుమనగానే తీసి అంకె రాసుకున్నాను. తర్వాత పాదరసందాన్ని పెట్టి, గీత నిలబడేదాకా నాలుగు నిమిషాలు ఆగి చూశాను.

అనుకున్నదే. ప్లాస్టిక్‌ది అర డిగ్రీ ఎక్కువ చూపిస్తోంది.

అంటే నాకున్నది 100.2. ప్రాణం కుదుటపడింది. టీచరమ్మకు ఫోన్ చేసి కబుర్లు చెప్పాను. గొంతు బొంగురుగా ఉందేమిటని అడిగింది. ఇప్పుడే నిద్ర లేచానన్నాను.

సాయంత్రం 100.9. అంటే 100.4. దాటితే ఫోన్ చేయమన్నారు, దాటలేదు.

కార్డు తిప్పి చూశాను. వెనక ఎర్రక్షరాల్లో ఉంది, 100.4 గానీ అంతకంటే ఎక్కువ గానీ అని. ప్లాస్టిక్‌ది పాయింట్ ఆరు ఎక్కువ చూపిస్తుందేమో కూడా.

నవంబర్ 25, మంగళవారం

101.3. తీసేస్తే 100.7. ఇంకోసారి చూస్తే 101.

మెట్లెక్కినట్టు ఆయాసం, పడుకునే ఉన్నాను.

ఒక మాట రాయాలి. నిన్న గ్లాసు నీళ్ళలో ఒకటి తీశాక ఇంకొకటి పెట్టాను. నాలుగు నిమిషాల్లో నీళ్ళు చల్లారతాయి. రెండూ కలిపి కట్టి ఒకేసారి ముంచాలి. షాపులో నా తమ్ముడు ఒకసారి ఇలా చేస్తే వారం రోజులు వాడితో పని చేయించలేదు. నిన్న గ్లాసు ముందు కూర్చుని ఉన్నప్పుడే నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆమె బడి కోసమే చేశానని మూడు రోజులుగా అనుకుంటున్నాను. జ్వరమని తెలిస్తే మానేస్తుంది, తనవల్లే వచ్చిందని కుమిలిపోతుంది. అది నిజమే. కానీ జ్వరమని తెలిస్తే మళ్ళీ ఈ మంచం మీద వచ్చి కూర్చోదు. ఎన్నటికీ కూర్చోదు. నాకు అసలు భయం అదే.

రేపు ఫోన్ చేస్తాను. రేపు తప్పకుండా.

డిసెంబర్ 2, మంగళవారం

గాజు తలుపున్న గది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. పడుకునే రాస్తున్నాను, అందుకని ఈ గీతలు.

బుధవారం నాకు గుర్తు లేదు. టీచరమ్మ చెప్పింది. మధ్యాహ్నం భోజనాల బెల్లు అయ్యాక నాకు ఫోన్ చేసిందట. నేను ఆమెను పేరు పెట్టి పిలిచానట. ఎన్నడూ పిలవని పేరు, ఎవరో పరాయి ఆడమనిషిని పిలిచినట్టు, పూర్తి పేరు. ఫోన్ పెట్టేసి, క్లాసు పక్క టీచరుకు అప్పగించి, టాక్సీ ఎక్కి వచ్చేసిందట. వచ్చి చూస్తే 103.2. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "అందులో అర డిగ్రీ తీసెయ్" అన్నానట.

ఇన్‌స్పెక్టర్ వచ్చి కార్డు చూసింది. 98.8, 98.6, 98.8. చక్కటి అక్షరాలు. తిడుతుందని కళ్ళు మూసుకున్నాను. తిట్టలేదు.

"బాబాయిగారూ, ఇంకొక్క పూట ఆలస్యమైతే మీ మంచం దగ్గర నిలబడి మాట్లాడేదాన్ని కాదు" అంది. దుప్పటి సరిచేసి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

డిసెంబర్ 4, గురువారం

ఆక్సిజన్ తగ్గించారు. డాక్టరుగారు వచ్చి కూర్చున్నారు. మొదట పట్టుకున్నది చిన్నపిల్లలకు మామూలుగా జలుబు తెచ్చే వైరస్సట. వాళ్ళకు నాలుగు రోజులు ముక్కు కారి తగ్గిపోతుంది. నాలో ఆపేవాడు లేక ఊపిరితిత్తుల దాకా దిగింది, దాని వెనకే ఇంకో ఇన్‌ఫెక్షన్ చేరింది, న్యుమోనియా అయింది. నెలాఖరు దాకా ఇంజెక్షన్ ఆపేశారు. తర్వాత మళ్ళీ మొదలుపెట్టవచ్చు, కానీ ఇంకోసారి ఇలా అయితే మొదలుపెట్టలేమన్నారు.

సాయంత్రం గాజు అవతల నిలబడి టీచరమ్మ ఫోన్లో అడిగింది. "ఎలా వచ్చిందో చెప్పారా?"

"నా ఒంట్లోనే ఎప్పటినుంచో ఉన్నదేనట" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం. చెప్పేటప్పుడు దగ్గు కూడా రాలేదు.

ఆమె తల ఊపింది. నమ్మినట్టు లేదు.

డిసెంబర్ 5, శుక్రవారం

ఆమె పొద్దున్నే వచ్చింది. బడికి వెళ్ళలేదు. గాజుకు బాగా దగ్గరగా నిలబడితే దాని మీద ఆవిరి పట్టింది.

"మీకు ఒకటి చెప్పాలండీ. మధ్యలో మాట్లాడకండి. మీరు గదిలోకి పిలిచిన ఆ బుధవారం, పొద్దున్నుంచి నాకు గొంతు నొప్పిగా ఉంది. క్లాసులో ఇద్దరు పిల్లలకు జలుబు. మీరు రమ్మన్నప్పుడు చెప్పాలనే అనుకున్నాను. చెబితే వద్దంటారు కదా. మీ మొహం చూసి ఎన్నాళ్ళయిందో! చిన్న నొప్పే, అరిచి అరిచి వచ్చిందేమో అని సర్దిచెప్పుకున్నాను. మాస్కు తీయమంటే తీసేశాను. తలుపు దగ్గర నిలబడి ఒక్క నిమిషం ఆలోచించాను కూడా. ఆలోచించే వచ్చాను."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. నా థర్మామీటరు కథ నేను చెప్పాను. గ్లాసు, చల్లారిన నీళ్ళు, కార్డులో అంకెలు, నిన్నటి అబద్ధం, అన్నీ. చెబుతుంటే ఆయాసం వచ్చి రెండుసార్లు ఆగాను. ఆమె మధ్యలో మాట్లాడలేదు.

చివరికి "అర డిగ్రీయా!" అంది. ముందు నవ్వింది. తర్వాత గాజుకు నుదురు ఆనించి ఏడ్చింది. నేను ఇవతల నుంచి అదేచోట చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది, అంతే తెలిసింది.

"రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకున్నాను" అంది కాసేపటికి. "ఇవ్వలేకపోతున్నాను. నిజం చెప్పమంటారా? ఇంట్లో కూర్చుని మిమ్మల్నే చూస్తూ ఉంటే నాకు పిచ్చెక్కుతుంది. ఆరు నెలలు చూశాను కదా."

"ఇవ్వొద్దు."

"మరి మీరు?"

జవాబు ఇద్దరికీ తెలుసు. ఎవరు ముందు అంటారా అని చూసుకుంటూ నిలబడ్డాం. ఆమే అంది. జలుబుల కాలం అయ్యేదాకా వాళ్ళక్క ఇంట్లో ఉంటుందట. మూడు నెలలు.

డిసెంబర్ 13, శనివారం

ఇంటికొచ్చాను. రెండు గదులూ నావే. మధ్య తలుపు తెరిచే ఉంచుతున్నాను, మూయాల్సిన పనేం లేదు.

పొద్దున ఆమె భోజనం డబ్బా గుమ్మం ముందు పెట్టి, వీధి చివరికి వెళ్ళి ఫోన్ చేస్తుంది. నేను కిటికీలోంచి చూస్తాను. చెయ్యి ఊపి బస్సెక్కుతుంది. పక్కింటి రిటైర్డ్ డ్రైవరుగారు రోజుకు రెండుసార్లు కిటికీ అవతల నిలబడి హారన్ కొట్టినట్టు దగ్గి, "ఉన్నారా?" అంటారు. ఉన్నానని చెప్పాలి. చెప్పకపోతే ఆసుపత్రికి ఫోన్ చేయమని ఇన్‌స్పెక్టర్ ఆయన్ను పనిలో పెట్టింది.

98.4. 98.6. ఉన్నవి ఉన్నట్టు.

డిసెంబర్ 16, మంగళవారం

ఆమె మాట ఇప్పుడు ఫోన్లోంచి ఒక్కసారే వినిపిస్తోంది.

డిసెంబర్ 18, గురువారం

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేసింది. రక్తపరీక్ష బాగుందట. ఆదివారం టీచరమ్మ రావచ్చు. కిటికీలు తెరవాలి, ఇద్దరికీ మాస్కులు, మధ్య రెండు మూరల దూరం, ఒక గంట. ఆమెకు ఏ కొంచెం జలుబు లక్షణం ఉన్నా రాకూడదు.

ఈ మూడు రోజులు ఎలా గడుస్తాయో.

డిసెంబర్ 21, ఆదివారం

గడ్డం చేసుకున్నాను. దుప్పటి మార్చాను. టేపు పెట్టి కొలిచి రెండు కుర్చీలు వేశాను, రెండు మూరలకు ఒక వేలు కూడా ఎక్కువ పోనివ్వలేదు. చెట్టుకు కళ్ళద్దాలు పెట్టినవాడి సంగతి ఈసారి పూర్తిగా వినాలనుకున్నాను. నాలుగింటికి రావాలి. మూడింటికే వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాను.

మూడున్నరకు ఫోన్.

"ఏవండీ, బస్సు దిగాను. మన వీధి చివర ఉన్నాను."

లేచి చూశాను. కనబడింది. నీలం చీర కట్టుకుంది.

"రా మరి, అక్కడే నిలబడ్డావేం?"

"బస్సులో రెండు తుమ్ములు వచ్చాయి."

వీధిలో దుమ్ము లేస్తోంది, ఎక్కడో గోడ కూల్చుతున్నారు. "దుమ్ముకేమో" అన్నాను.

"అయ్యుండొచ్చు. దుమ్ముకే అనిపిస్తోంది నాకూ. జ్వరం లేదు. గొంతు బాగానే ఉంది. అయినా చెబుతున్నాను. మీరు రమ్మంటే వచ్చేస్తానండీ, నాకు ఆగే ఓపిక లేదు. మీరే చెప్పండి."

దుమ్మే. నూటికి తొంభై పాళ్ళు దుమ్మే. ఎవరికైనా రెండు తుమ్ములు రావా? రమ్మనడానికి నోరు తెరిచాను. ఆమె అక్కడ సంచీ రెండు చేతులతో పట్టుకుని నా కిటికీ వైపే చూస్తోంది. ఈసారి దాచుకోకుండా ఉన్నదంతా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"వద్దు. వెళ్ళిపో" అన్నాను.

ఆమె కదలలేదు. ఇద్దరం ఫోన్ పెట్టలేదు. తర్వాతి బస్సు వచ్చేదాకా పన్నెండు నిమిషాలు అలాగే ఉన్నాం, ఆమె వీధి చివర, నేను కిటికీ దగ్గర. ఆమె ఊపిరి వినిపిస్తూ ఉంది. బస్సు వచ్చింది. ఎక్కేముందు వెనక్కి తిరిగింది గానీ చెయ్యి ఊపలేదు.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమెను రావద్దని నేను అనడం ఇదే మొదలు. బస్సు కనబడినంతసేపూ బాగానే నిలబడ్డాను. తర్వాత కుర్చీలో కూర్చుని గట్టిగా ఏడ్చాను. పక్కింటాయన వచ్చి ఉన్నారా అని అడిగారు. ఉన్నానని చెప్పాను.